మడి నూలు

నాకు నోరు పెద్దదని గద్వాలలో మా వీధిలో పేరు. పెళ్లయిన నెలకే మా అత్త "దీని నోరు నాడె లెక్క, ఇటు నుంచి అటు పోతనే ఉంటది" అన్నది. నాడె అంటే మగ్గం మీద పోగును మోసుకుని అటూ ఇటూ తిరిగే కొయ్య. అంత నోరున్నదాన్ని, తప్పకుండా నిజం చెప్పవలసిన చోట అబద్ధం చెప్పాను. దాన్ని ఎవరికీ చెప్పకుండా రెండేళ్లు గడిపాను. ఇప్పుడు రాస్తున్నాను.

మాది నేత ఇల్లు. ముందు గదిలో గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు వదిలి కూర్చుని, అడుగున ఉన్న చెక్కలను పాదాలతో తొక్కుతుంటే పైన పోగులు విడిపోతాయి. చూసేవాళ్లు చేతులను మెచ్చుకుంటారు. కాళ్ల పని ఎవరికీ కనబడదు. మా ఆయన ముప్పై అయిదేళ్లు ఆ చెక్కలు తొక్కాడు. నేను పెద్దమందడి వైపు పుట్టినదాన్ని. మా నాన్న మగ్గం విప్పేసి సేద్యం పట్టినవాడు కనుక నేను పెళ్లయ్యాకే నేత నేర్చుకున్నాను. చీర అంచులు కలిపేటప్పుడు ఆయన ఆ పక్క, నేను ఈ పక్క కూర్చునేవాళ్లం. మా మాటలూ పోట్లాటలూ సగం ఆ మగ్గం మీదనే జరిగాయి.

మొదట కుడి పిక్క పట్టేయడం మొదలైంది. పది నిమిషాలు తొక్కితే నొప్పి, ఆపితే తగ్గేది. ఆయన బీడీ ముట్టించుకుని నొప్పి తగ్గేదాకా కూర్చునేవాడు. ఆ నొప్పికి మూలం ఆ బీడీయే అని మాకు తర్వాత తెలిసింది. ఒక చలికాలం బొటనవేలు నల్లబడింది. మా వీధికి సూదులు వేయడానికి, కట్లు కట్టడానికి వచ్చే ముసలాయన ఒకడున్నాడు, అందరం చాచా అంటాం. ఆయన వేలు చూసి, పాదం మీద రెండు వేళ్లు పెట్టి చాలాసేపు కదలకుండా ఉండి, "బేటీ, కాలుకు ఖూన్ వస్తలేదు. ఈడ మందులు పెట్టుకుంట కూసోకుండ్రి. పట్నం పొండ్రి" అన్నాడు.

పట్నంలో పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేసినామె నా కంటే చిన్నది. తొడలో రక్తం పోయే దారి మూసుకుపోయిందని, గజ్జ నుంచి మోకాలి పైదాకా కొత్త దారి వేయాలని చెప్పింది. మామూలుగా కాలిలోని నరాన్నే తీసి వేస్తారట. ఈయన కాళ్ల నరాలు ఉబ్బి పాడైపోయాయి, గొట్టం వేయక తప్పదన్నది. ఆపరేషన్ అయ్యాక మా ఆయన అడిగిన మొదటి మాట ఆ గొట్టం ఎట్లుంటుందని. మిగిలిన ముక్క ఒకటి ఆమె తెచ్చి చూపించింది. తెల్లగా, ముడతలు ముడతలుగా, చిటికెన వేలంత ఉంది. ఈయన దాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపి చూసి, "ఇది నేసింది కాదు మేడం, అల్లింది" అన్నాడు. ఆమె నవ్వి అవునన్నది. తన తొడలో పెట్టిన గుడ్డ గురించి తనకు కూడా ఒక మాట చెప్పే హక్కు ఉన్నట్లు ఆయన ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

ఇంటికి పంపే రోజు ఆమె మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ గొట్టానికి ప్రాణం లేదు, అది గుర్తుపెట్టుకోండి. మన కండలో సూక్ష్మజీవులు చేరితే ఒళ్లు పోరాడుతుంది, మందు కూడా రక్తంతో పాటు అక్కడికి చేరుతుంది. గొట్టం మీద చేరితే అవి దాన్ని కరుచుకుని చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. ఆ పొరలోకి మందు సరిగా పోదు. అది నెలల తర్వాత కూడా రావచ్చు. గజ్జలో చిన్న పొక్కు లేచినా, కాస్త తడి కనబడినా, ఆ రోజే బయలుదేరి రండి."

నేను తలూపాను. ప్రతి మాటా అర్థమైంది. పాపం చదువులేనిది, తెలియక చేసింది అని తర్వాత ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్లు మండేది. ఇంటర్ దాకా చదివాను. తెలియక చేయలేదు.

వేసవికి ఆయన మళ్లీ చెక్కలు తొక్కాడు. బీడీ మానేశాడు. నొప్పి లేదు, నల్లబడ్డ వేలు మళ్లీ ఎర్రబడింది. కానీ మనిషి లోపల ఏదో తగ్గింది. ఎవరైనా పలకరిస్తే "అతుకు కాలు" అని తనే ముందు ఎగతాళి చేసుకునేవాడు. అట్లాంటి సమయంలో పెద్దాయన మా ఇంటికొచ్చాడు.

పెద్దాయన ఎవరో చెప్పాలి. గద్వాల నుంచి ఏటా తిరుమల స్వామివారికి జోడు పంచెలు పోతాయి. సంస్థానం నాటి ఆనవాయితీ. వాటిని నేసేవాళ్లు మండలం రోజులు, అంటే నలభై ఒక్క రోజులు, దీక్షలో ఉంటారు. ఇల్లు విడిచి ఆ మగ్గం ఉన్న ఇంట్లోనే ఉండాలి. చన్నీళ్ల స్నానం, ఒంటిపూట తిండి, చాప మీద పడక. ఆ నూలును కూడా వేరుగా, మడిగా ఉంచుతారు. పంచె బాగా వెడల్పు కనుక ఒకరి పక్కన ఒకరు కూర్చుని నేయాలి. మా కాలంలో ఆ మంచిచెడ్డలు చూసేవాడు మా ఆయనకు మేనమామ వరస. నడుము పట్టేసి తను నేయడం మానేశాడు. నేను మామా అంటాను.

"ఈసారి ఒక చెయ్యి తక్కువయింది. నీ కాలు మంచిగయ్యిందంటుండ్రు గదరా. కూసుంటవా?" అని ఆయన అడిగాడు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. సరేనని రెండుసార్లు తలూపాడు. ఆయన తాత ఆ మగ్గం మీద కూర్చున్నాడు, తండ్రికి పిలుపు రాలేదు. తండ్రి దాన్ని మాటిమాటికీ తలుచుకుంటూనే పోయాడు. ఆ వారమంతా మా ఆయన కొత్త పెళ్లికొడుకు లాగా తిరిగాడు. నేను ఎత్తిపొడిచాను కూడా. "నన్ను చేసుకున్నప్పుడు గూడ ఇంత సంబురం లేకుండె నీకు" అంటే, "అప్పుడు నీ నోరు సంగతి తెల్వది, అయినా భయమైతుండె" అన్నాడు.

దీక్ష మొదలయ్యే ముందు రోజు బట్టలు ఉతుకుతున్నాను. ఆయన లుంగీలో గజ్జ తగిలే చోట చింతగింజంత మరక కనబడింది. పసుపు పచ్చని తడి, ఎండిన అంచు. పట్టుకుని లోపలికి వెళ్లాను.

"ఇదేంది?"

"సెగ గడ్డ. ఎండకు లేచింది."

"శ్రావణంల ఎండేడిది? చూపియ్యి."

చూపించాడు. ఆపరేషన్ గీత మీద చిన్న పొక్కు, నడుమ సూదిమొనంత రంధ్రం. నొక్కితే నీళ్ల లాంటిది వచ్చింది.

"డాక్టరమ్మ ఏం చెప్పిందో యాదికున్నదా నీకు?"

"ఉన్నది. జర ఊకో. రేపు పొద్దుగాల కంకణం కడ్తరు. నలభై ఒక్క దినాలు. అయినంక నువ్వు ఏడికి తీస్కపోతే గాడికొస్త."

"నడుమ ఏమన్నయితే?"

"స్వామి పని చేసెటోన్ని స్వామే చూస్కుంటడు."

దీనికి నా దగ్గర జవాబు ఉంది. స్వామికి లక్ష పనులుంటాయి, గద్వాలలో ఒకడి గజ్జలో ఏం కారుతుందో ఆయన చూస్తూ కూర్చోడు అని. అనలేదు. నేను నోరు తెరిస్తే మరునాడు ఆ మగ్గం మీద వేరే మనిషి కూర్చుంటాడు, చీము కారే మనిషిని ఎవరూ దీక్షలో ఉంచరు. మా ఆయన మళ్లీ ఒక మూలన కూర్చుని అతుకు కాలు అనుకుంటూ బతుకుతాడు. నాకు అదీ భయమే, ఇదీ భయమే. రెండు భయాల్లో దగ్గరున్నదానికి లొంగాను. లుంగీ మీది మరకను రెండుసార్లు సబ్బు పెట్టి రుద్ది ఆరేశాను.

ఆ తర్వాత ఆయన నా చేతిలో లేడు. దీక్షలో ఉన్న మనిషి బట్టలు తనే ఉతుక్కుంటాడు, ఇంటివాళ్లు వెళితే గడప బయట నిలబడి నాలుగు మాటలు మాట్లాడి రావాలి. వారానికోసారి వెళ్లేదాన్ని. మొదటి వారం "మంచిగున్న" అన్నాడు. రెండో వారం కూడా అదే అన్నాడు. మూడో వారం దవడలు లోపలికి పోయి ఉన్నాయి. ఒంటిపూట తిండి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వానలు పడుతున్నాయి. తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుని తడిబట్టతో వాళ్లు తిరుగుతుంటారని, ఆ తడి గజ్జలోనే ఆగుతుందని నాకు తెలుసు. వంట చేస్తూ, నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూ అదే ఆలోచన. ఎవరితో పోట్లాడినా ఆ కోపం వాళ్ల మీదది కాదు.

ఒకరోజు వీధిలో చాచా ఎదురై అడిగాడు. "మీ ఆయన కుట్టు ఎట్లున్నది బేటీ? చూద్దమంటే దీక్షల ఉన్నడంటిరి."

"మంచిగున్నది చాచా."

అది మొదటి అబద్ధం. చెప్పడం చాలా సులువుగా అయింది.

ముప్పై నాలుగో రోజు పొద్దున పదింటికి కబురొచ్చింది. ఆయన మగ్గం మీద వణికిపోతున్నాడు, గుంతలోంచి లేవలేకపోతున్నాడు అని. పరిగెత్తాను. గడప దగ్గర ఆగాలని గుర్తే రాలేదు, కట్టుబట్టతోనే లోపలికి పోయాను. ఎవరూ ఆపలేదు. ఇద్దరు పట్టుకుని ఆయన్ను చాప మీదికి చేర్చారు. ఒళ్లు పెనంలా కాలుతోంది. అందరినీ పక్కకు పొమ్మని పంచె కుచ్చిళ్లు తీశాను.

గజ్జలో పోగుల ఉండ ఒకటి కుక్కి ఉంది. తెల్లని సన్నని నూలు, కొసలు తెంపగా మిగిలినది. అది చీముతో బిగుసుకుపోయింది. మెల్లగా లాగాను. కింద రూపాయి బిళ్లంత గుంట, దాని అడుగున తెల్లగా, ముడతలు ముడతలుగా, ఆ రోజు డాక్టరమ్మ చూపించిన గొట్టం.

"ఇదేం పని? ఇదేం పెట్టుకున్నవు?" అన్నాను.

"మడి నూలు," అన్నాడు పళ్లు కొట్టుకుంటూ. "స్వామి నూలు కన్న శుభ్రమైనదేముంటది? దినం కొత్తది మారుస్తున్న."

ఆ నూలుకు గంజి పెడతారు. అన్నం గంజి. పోగు గట్టిపడడానికి ప్రతి పడుగుకూ, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, పెట్టేదే, ఆయన చేతులతో వేలసార్లు పెట్టిందే. దాన్నే రోజూ ఆ గాయంలో కుక్కుకున్నాడు. ఊళ్లో ఇంకే పని చేసేవాడైనా ఇంత పాత గుడ్డో, మందుల దుకాణంలో దూదో పెట్టుకునేవాడు. ఆయనకు దొరికిన వాటిలో అన్నిటికంటే పవిత్రమైనది పెట్టుకున్నాడు. నాకు ఆ క్షణం ఆయన చెంప పగలగొట్టాలనిపించింది, కౌగిలించుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. ఆ నూలు ఉండను కొంగులో చుట్టుకున్నాను, ఎవరూ చూడకూడదని.

పెద్దాయన బండి మాట్లాడి తనూ ఎక్కాడు. ముందు సీట్లో, కాళ్లకు చెప్పులు లేకుండానే కూర్చున్నాడు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు చేతులు జోడించాడు. వెనక నా ఒడిలో మా ఆయన తల. కొత్తకోట దాటాక ఆయన కళ్లు తెరిచి, చాలా మెల్లగా, నాకు ఒక్కదానికే వినబడేలా అన్నాడు. "ఇంక ఏడు దినాలే ఉండె. మామకు చెప్పకు."

ఏం చెప్పవద్దన్నాడో నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ కారుతుందని తెలిస్తే ఆ ముప్పై నాలుగు రోజుల గుడ్డ అంతా మైల. చీమూ నెత్తురూ తగిలిన గుడ్డ దేవుడికి పోదు. మళ్లీ మొదలుపెట్టి నేయడానికి రోజులు లేవు. మొన్న మొన్న మొదలైందంటే ఆ రెండు మూడు రోజుల నేత వరకు ఏదో ఒక శుద్ధి చేసుకుని మిగిలింది ముగిస్తారు. ఇది ఎవరో నాకు చెప్పిన నియమం కాదు, నేను అనుకున్నది. కానీ గద్వాలలో పుట్టి పెరిగిన ఏ నేతమనిషి అయినా అదే అనుకుంటాడు.

దవాఖానలో అదే డాక్టరమ్మ. గాయం చూసి ఆమె ముఖం మారింది. స్కాన్ తీయించి, రక్తం తీయించి, గాయంలోంచి దూదిపుల్లతో తడి తీసి పరీక్షకు పంపింది. తర్వాత మంచం పక్కన నిలబడి నన్ను అడిగింది.

"ఎన్ని రోజుల నుంచి కారుతోంది?"

మంచం మీద మా ఆయన. మంచానికి ఇవతల నేను. నా భుజం పక్కనే పెద్దాయన, రెండు చేతులూ కట్టుకుని.

"మూడు దినాలు మేడం," అన్నాను.

"మూడు రోజులేనా? ఇంత లోతుగా ఉంది. బాగా గుర్తు చేసుకుని చెప్పండి, ఇది చాలా ముఖ్యం."

"దీక్షల ఉండె మేడం. మూడు దినాల కింద పొక్కు లేచిందంట. జ్వరం నిన్నటి నుంచే."

మా ఆయన కళ్లు తెరిచి నా వైపు చూశాడు. మళ్లీ మూసుకున్నాడు.

ఆమె కొంతసేపు స్కాన్ చూసింది. గొట్టం చుట్టూ పైన కొంచెమే నీరు కనబడుతోందని, కింది దాకా పాకిందో లేదో స్పష్టంగా లేదని చెప్పింది. "పాతదైతే గొట్టం మొత్తం తీసేసి, గాయానికి దూరంగా పక్క నుంచి ఇంకో దారి వేయాల్సి వచ్చేది. అది పెద్ద ఆపరేషన్, ఈయన ఉన్న స్థితిలో ప్రమాదం కూడా. మూడు రోజులదే అంటున్నారు కాబట్టి గొట్టాన్ని ఉంచి కాపాడే ప్రయత్నం చేద్దాం. పాడైన కండ తీసేసి, బాగా కడిగి, తొడ కండను దాని మీద కప్పుతాను. మందులు వారాల తరబడి ఎక్కించాలి."

అప్పుడైనా చెప్పవచ్చు. ఆమె కాగితం మీద రాస్తోంది, మూడు అనే అంకె నాకు కనబడింది. పెద్దాయన నీళ్ల బాటిల్ తెస్తానని బయటికి పోయినా చెప్పేదాన్నేమో. పోలేదు. నేను సంతకం పెట్టాను.

ఆపరేషన్ తర్వాత వారం రోజులు బాగానే ఉంది. జ్వరం దిగింది. పెద్దాయన రెండో రోజే గద్వాలకు పోయాడు. పంచెలు పూర్తయ్యాయి. ఊరేగింపుగా బయలుదేరిన రోజు ఎవరో తీసిన వీడియో మా ఫోనుకు వచ్చింది. మేళం, పూలు, పళ్లెంలో మడత పెట్టిన పంచెలు. మా ఆయన దాన్ని రెండుసార్లు చూశాడు. మూడోసారి అంచు కనబడే చోట ఆపి, ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "గీ అంచు నాది" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం అట్లా చూశాను. చేసిన పని మంచిదేనని ఆ పూట నేను నిజంగా నమ్మాను. ఆ పూట సుఖంగా అన్నం తిన్నాను కూడా.

పరీక్ష ఫలితం వచ్చింది. రెండు రకాల క్రిములున్నాయని, ఒకటి మొండిదని చెప్పి మందు మార్చారు.

పదకొండో రోజు పొద్దున ఇడ్లీ తినిపిస్తున్నాను. ఆయన "కాలు వేడిగైతుంది" అన్నాడు. దుప్పటి తీస్తే కట్టు ఎర్రగా ఉబ్బుతోంది. చూస్తుండగానే పక్క తడిసింది. నేను పిడికిలి బిగించి గజ్జ మీద ఒత్తాను, నా బరువంతా వేసి ఒత్తాను. కింద ఆయన నెత్తురు కొట్టుకోవడం నా పిడికిలికి తెలుస్తోంది. నర్సు వచ్చి తన చేతులు పెట్టి నా చేతులు తీయమంది. నా వేళ్లు విడలేదు. ఇద్దరు వచ్చి విడదీశారు.

గొట్టం గజ్జ దగ్గర అతికిన చోట ఊడిపోయింది. దాన్ని తీసేసి ఆ నరాన్ని ముడివేశారు. ప్రాణం నిలబడింది. కొత్త దారి వేయడానికి ఆ రోజు ఆయన ఒంట్లో ఓపిక లేదు, చుట్టూ చీము లేని చోటు కూడా లేదు. రెండు రోజులకు పాదం నల్లబడింది. మూడో రోజు మోకాలి పై నుంచి కాలు తీసేశారు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి మాట్లాడింది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "లోపల గొట్టం పొడవునా పాకింది. అది మూడు రోజుల్లో అయ్యేది కాదు, కనీసం నెల రోజులది. మీకు తెలియకుండా లోపల ఉండి ఉంటుంది."

"ముందే తెల్సి ఉంటే మేడం?"

"మొదటే తీసేసి పక్క నుంచి దారి వేయడానికి ప్రయత్నించేదాన్ని."

"కాలు దక్కుతుండెనా?"

"దక్కేదని చెప్పలేను. దక్కేది కాదనీ చెప్పలేను."

నాకు ఆ మాట ఇప్పటికీ పగలు పనిలో ఉండగా వినబడుతుంది. దక్కేది కాదు అని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. దక్కేది అని ఉంటే తల బాదుకునేదాన్ని. ఆమె నిజం చెప్పింది, నిజంతో నాకు ఏం చేయాలో తెలియలేదు.

ఇంటికి వచ్చాక ముందు గదిలో మగ్గం అట్లాగే ఉంది. ఒక కాలుతో గుంత మగ్గం నడవదు. ఆయన లోపలి గదిలో మంచం మీద కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టాడు, ఇంతకాలం నేను చేసిన పని. నేను మగ్గం మీద కూర్చున్నాను, ఇంతకాలం ఆయన చేసిన పని. అబద్ధం సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఉప్పు తక్కువైందని మాత్రం బాగా పోట్లాడుకునేవాళ్లం.

మరుసటి ఏడు వానాకాలంలో పెద్దాయన వచ్చాడు. మా ఆయన లోపల పడుకున్నాడు. నేను మగ్గం ఆపి చాయ్ పెట్టిచ్చాను. ఆయన గ్లాసు పట్టుకుని తాగకుండా నేల చూస్తూ కూర్చున్నాడు.

"బిడ్డా, ఒక మాట కడుపుల పెట్టుకుని ఏడాది తిరిగిన. ఇంక ఆగదు," అన్నాడు. "దీక్ష అయిదో దినం దొడ్ల నూలు ఉండ కనవడ్డది. చీముతోని పచ్చగుండె. ఎవని పనో అని మరునాడు కనిపెట్టిన. మీ ఆయనది. నాకు గప్పుడే తెల్సు."

నాకు మొదట అర్థం కాలేదు. "అయిదో దినమే తెల్సా?"

"తెల్సు. మట్టి తీసి పూడ్చిపెట్టిన. వాని తండ్రికి నేనే పిలుపు రానియ్యలే, ఏదో పట్టింపుకు. కొడుకునన్న మగ్గం మీంచి లేపి పంపొద్దనుకున్న. స్వామికి మొక్కుకున్న, తప్పు నా నెత్తిన ఎయ్యమని."

"మరి దవాఖానల నా పక్కనే నిలవడితివి గద మామా. డాక్టరమ్మ రెండుసార్లు అడిగె. ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వు మూడు దినాలంటివి. పెండ్లానికి గూడ చెప్పలేదేమో వాడు అనుకున్న. నీ ముందట వాని పరువు తియ్యొద్దనుకున్న."

ఎవరికి వినబడుతుందని నేను ఆ అబద్ధం చెప్పానో, ఆ మనిషికి నిజం నాకు తెలిసినంతా తెలుసు. నేను దాచిన మైలను ఆయన ఎప్పుడో క్షమించేశాడు. నేను నిజం చెప్పి ఉంటే ఆయన తలూపేవాడు, అంతే. ఆయన మీద పడి గట్టిగా అరవాలనిపించింది. అరవడానికి నాకు ఏ హక్కుందో వెతికాను, కనబడలేదు. మగ్గం దగ్గరికి పోయి, పోగులను దువ్వెనలా పట్టి ఉంచే పన్నెను పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు లోపలి గదిలోంచి మా ఆయన గొంతు వినబడింది. నిద్రపోలేదు, అంతా విన్నాడు.

"తప్పు మీ ఇద్దరిదే అనుకుంటరేంది? డాక్టరమ్మ అడిగేటప్పుడు నేను గూడ ఆడనే ఉంటి. కాలు నాది."